పెరటి నీటిలో కప్పలు, తోకకప్పలు

తెలుగు నేల మీద తొలకరి పడిన రెండు మూడు రాత్రుల్లోనే పెరట్లోని కలువ తొట్టి, ఇల్లు కట్టేటప్పుడు తవ్వి వదిలేసిన గుంట, వాడకం ఆగిపోయిన సిమెంటు ట్యాంకు, కొబ్బరి పాదుల్లో నిలిచిన వాన నీళ్లు అన్నీ కప్పలు గుడ్లు పెట్టే తావులవుతాయి. ఎవరూ తెచ్చి వదలకపోయినా అవి వస్తాయి. కొన్నాళ్లకు ఆ నీళ్లలో తలా తోకా తప్ప మరేమీ లేనట్టుండే నల్లటి పిల్లలు ఈదుతూ కనబడతాయి. చేపపిల్లలని కొందరు, పురుగులని మరికొందరు అనుకుంటారు. చాలా ఇళ్లలో తొట్టి కడిగి వాటిని కాలువలోకి పారబోస్తారు. అవే తోకకప్పలు, బడి పుస్తకాల్లో టాడ్‌పోల్ అని చదువుకున్నది వీటి గురించే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్ల పెరళ్లలో కనిపించే కప్పలను గుర్తుపట్టడం, వాటి గుడ్లనూ పిల్లలనూ ఉన్నచోటనే కాపాడుకోవడం ఈ వ్యాసంలోని విషయం.

కప్ప ఉభయచర జీవి. దాని గుడ్డుకు పెంకు ఉండదు, చుట్టూ జిగురు మాత్రమే ఉంటుంది. అందుకే నీరో తేమో లేనిచోట ఆ గుడ్డు ఎండిపోతుంది. కప్ప చర్మానికి పొలుసులు ఉండవు. అది నోటితో నీళ్లు తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరిలో కొంత భాగం కూడా తడి చర్మం ద్వారానే జరుగుతుంది. నీటిలో ఏ మందు కలిసినా నేరుగా దాని ఒంట్లోకి చేరుతుంది. కాబట్టి కప్పలను పెంచాలనుకునేవారు ముందుగా చూసుకోవలసింది నీటినే. తిండి, మందు, గాజు తొట్టి అన్నీ ఆ తరవాతి మాట.

పెరటికి వచ్చే జాతులు

భారతదేశంలో 400కు పైగా ఉభయచర జాతులున్నాయి. ఎక్కువ భాగం పడమటి కనుమల్లోనూ ఈశాన్య రాష్ట్రాల్లోనూ ఉంటాయి. మన పెరళ్ల దాకా వచ్చేవి పది లోపే. వీటి తెలుగు పేర్లు జిల్లా జిల్లాకూ మారుతుంటాయి కాబట్టి పేరు కన్నా ఒంటి గుర్తులు చూడడం మేలు.

అందరికీ తెలిసినది గోదురుకప్ప. శాస్త్రీయ నామం డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. ఒంటినిండా గరుకు బుడిపెలు, వాటి కొసలు నల్లగా ఉంటాయి. కళ్ల చుట్టూ నల్లని గట్లు, కళ్ల వెనక రెండు ఉబ్బెత్తు గ్రంథులు ఉంటాయి. ఎగరడం తక్కువ, చిన్న చిన్న గెంతులతో నడుస్తుంది. రాత్రి వీధి దీపం కింద రాలే పురుగుల కోసం కాచుకుని కూర్చునేది ఇదే. గుడ్లను పొడవాటి జిగురు తీగలుగా పెట్టి నీటి మొక్కల కాడలకు చుట్టేస్తుంది. ఒక ఆడకప్ప ఒక్క విడతలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పిల్లలు కాటుక నలుపులో, చిన్నగా, గుంపుగా తిరుగుతాయి. ఆ గుంపు యాదృచ్ఛికం కాదు. ఈ జాతి తోకకప్పలు తోబుట్టువులను పరాయి పిల్లల నుంచి వేరుగా గుర్తించి వాటి పక్కకే చేరతాయని ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు.

బోదురుకప్ప మన దేశపు కప్పల్లో అతి పెద్దవాటిలో ఒకటి. శాస్త్రీయ నామం హోప్లోబాట్రాకస్ టైగరైనస్. 16 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉండి, చాలావాటికి వీపు మధ్యగా లేతరంగు చార కనబడుతుంది. తొలి పెద్ద వానకు మగకప్పలు నిమ్మపండు పసుపులోకి మారతాయి. గొంతుకు రెండు పక్కలా నీలి సంచులు ఉబ్బుతాయి. పొలం గట్లు, బీళ్లలో నిలిచిన కొత్త నీళ్లు దీనికి ఇష్టం. పెరట్లో పెద్ద గుంట ఉంటే తప్ప గుడ్లు పెట్టదు. దీని పిల్లలు మాంసాహారులు. తోటి జాతుల తోకకప్పలను తింటాయి, తిండి కరువైతే ఒకదాన్నొకటి తింటాయి. ఒకే తొట్టిలో రకరకాల పిల్లలను కలిపి పెంచబోయేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నీళ్లు ఏడాది పొడుగునా నిలిచే తొట్టికి ముందుగా వచ్చి స్థిరపడేది నీటికప్ప, అంటే యూఫ్లిక్టిస్ సయనోఫ్లిక్టిస్. కళ్లు మాత్రం పైకి పెట్టి తేలుతూ ఉంటుంది. మనిషి అలికిడి వినగానే మునగకుండా నీటి మీదే టపటపా గెంతుకుంటూ పారిపోతుంది. ఆ పరుగు చూస్తే చాలు, జాతి ఏదో చెప్పేయవచ్చు. వెనక కాళ్ల వేళ్లన్నిటి మధ్యా కొసదాకా పొర ఉంటుంది. తడి గడ్డిలో, కుళాయి కింద నిత్యం తడిగా ఉండే చోట కనబడే చిన్న ముడతల వీపు కప్పలు మినర్వార్యా ప్రజాతివి. వీటిలో జాతిని కచ్చితంగా చెప్పడం నిపుణులకు కూడా కష్టమే.

రెండున్నర సెంటీమీటర్ల లోపు ఉండి, వీపు మీద ముదురు రంగు బొమ్మ గీసినట్టుండేది మైక్రోహైలా ఆర్నేటా. దీని గుడ్లు నీటి పైన పలుచని పొరగా పరుచుకుని తేలతాయి. పిల్లలు గాజులా పారదర్శకం, లోపలి పేగు కూడా కనబడుతుంది. అవి అడుగున పాచి గీకవు, నడి నీటిలో కదలకుండా నిలబడి నీటిని వడగట్టి అందులోని సూక్ష్మజీవులను తింటాయి. అంత పలుచని ప్రాణులు కావడంతో తొట్టిలో పదులకొద్దీ ఉన్నా చాలామంది చూడనే చూడరు. వీటి బంధువులైన యూపెరొడాన్ కప్పలు ఏడాదిలో ఎక్కువ కాలం భూమిలో దాగి ఉండి, గట్టి వానలు పడిన కొద్ది రాత్రులు మాత్రమే పైకి వస్తాయి.

చెట్టుకప్ప సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దీని శాస్త్రీయ నామం పాలిపెడేటిస్ మాక్యులేటస్. స్నానాల గదిలో బకెట్ వెనక, తలుపు చట్రం మీద, కుండీల మధ్య పగలంతా కాళ్లు ముడుచుకుని అతుక్కుని ఉంటుంది. వేళ్ల కొసల్లో గుండ్రటి బిళ్లలుండడం వల్ల నున్నటి గోడ కూడా ఎక్కుతుంది. తొడల వెనక పసుపు మచ్చలుంటాయి. ఇది గుడ్లను నీటిలో పెట్టదు. నీటికి పైన వాలిన కొమ్మ మీదో, తొట్టి లోపలి గోడ మీదో ఆడకప్ప ఒక ద్రవాన్ని విడిచి, మగకప్ప వీపు మీద ఉండగానే వెనక కాళ్లతో దాన్ని గిలక్కొట్టి తెల్లటి నురుగు చేస్తుంది. గుడ్లు ఆ నురుగులోనే ఉంటాయి. పొద్దెక్కేకొద్దీ నురుగు పైభాగం ఎండి పెళుసుగా, లేత గోధుమ రంగుకు మారుతుంది. లోపల మాత్రం తడి ఆరదు. కొద్ది రోజుల్లో గుడ్లు పొదిగి, నురుగు అడుగు కరిగి, పిల్లలు ఒకటొకటిగా కింద నీళ్లలోకి జారిపడతాయి. గోడ మీది ఈ నురుగు ముద్దను సబ్బు నురుగనో, ఏదో పురుగు గూడనో చీపురుతో గీకేయడం మన ఇళ్లలో మామూలు. దాని కింద నీళ్లున్నాయా లేదా అన్నది ఒక్కసారి చూస్తే అది ఏమిటో తెలిసిపోతుంది.

వెతకడం

కప్పను కంటితో కన్నా ముందు చెవితో వెతకాలి. అరిచేవి మగకప్పలే. గోదురుకప్ప ఆగకుండా సన్నగా, పొడుగ్గా కూస్తుంది. బోదురుకప్ప గొంతు బరువైనది, దూరానికి వినబడుతుంది. మైక్రోహైలా అరుపు కీచురాయి శబ్దంలా ఉండడం వల్ల అది కప్పదని చాలామంది నమ్మరు. చెట్టుకప్పది టకటకమని తెగి తెగి వచ్చే పొడి శబ్దం. తెలంగాణలోనూ, ఆంధ్రలో ఎక్కువ భాగంలోనూ జూన్, జులై నెలల్లో ఈ సందడి మొదలవుతుంది. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానకు మరో దఫా వినిపిస్తుంది.

వాన వెలిసిన రాత్రి చీకటి పడిన రెండు గంటల్లో టార్చి పట్టుకుని నీటి అంచుకు వెళ్లండి. అడుగు చప్పుడుకు అరుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. దీపం ఆర్పి కదలకుండా నిలబడితే కొద్ది నిమిషాల్లో ఒకటి మొదలుపెడుతుంది, దాని వెంట మిగిలినవి అందుకుంటాయి. అప్పుడు టార్చిని నేరుగా కళ్లలోకి కొట్టకుండా పక్క నుంచి వేస్తే, ఉబ్బిన గొంతు సంచి, ఆడకప్ప వీపున మగకప్ప పట్టుకుని ఉన్న తీరు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ జతను విడదీయకూడదు. గుడ్లు బయటికి వస్తున్నప్పుడే మగకప్ప వాటి మీద వీర్యం విడుస్తుంది. ఫలదీకరణ ఒంటి బయటే జరుగుతుంది.

గుడ్లు చూడాలంటే తెల్లవారిన వెంటనే వెళ్లాలి. రాత్రి పెట్టిన గుడ్ల జిగురు అప్పటికి మట్టి పట్టకుండా స్వచ్ఛంగా ఉంటుంది. కలువ కాడలు, తుంగ మొదళ్లు, నీటి ఉపరితలం, తొట్టి లోపలి గోడ, ఈ నాలుగు చోట్లా చూస్తే చాలు. మన వేడికి చాలా జాతుల గుడ్లు ఒకటి నుంచి మూడు రోజుల్లో పొదుగుతాయి. ఆలస్యంగా వెళ్తే ఖాళీ జిగురు మాత్రమే మిగులుతుంది.

తోకకప్పకూ చేపపిల్లకూ తేడా తెలుసుకోవడం సులువే. తోకకప్పకు పొలుసులు, పక్క రెక్కలు ఉండవు. తలా ఒళ్లూ కలిసి ఒకే గుండ్రని ముద్దగా ఉంటుంది. తెల్ల గిన్నెలోకి కొన్ని నీళ్లతో పాటు తీసుకుని చూస్తే పొట్ట అడుగున చుట్టలు చుట్టుకున్న పేగు కనబడుతుంది. పాచి తినే జాతులకు ఆ పేగు ఒంటి పొడవుకు ఎన్నో రెట్లు ఉంటుంది. దోమ పిల్లలైతే తలకిందులుగా నీటి పైపొరకు వేలాడుతూ, కదిలితే మెలికలు తిరుగుతాయి. చూడడం అయ్యాక గిన్నెలోని వాటిని అదే నీటిలో వదిలేయాలి.

గుడ్డు నుంచి గట్టు దాకా

తోకకప్ప ఎదుగుదలను శాస్త్రవేత్తలు 46 దశలుగా విభజించుకుంటారు. 1960లో గోస్నర్ ప్రచురించిన పట్టిక ఇది. నేటికీ ప్రపంచమంతా దాన్నే వాడుతుంది. పెరట్లో చూసేవారికి అందులో మూడు మలుపులు తెలిస్తే చాలు. పొదిగిన కొత్తలో పిల్ల కదలకుండా జిగురుకో మొక్కకో అతుక్కుని ఉంటుంది, తల పక్కల కుచ్చుల్లా బయటి మొప్పలుంటాయి. కొద్ది రోజుల్లో వాటి మీద చర్మం కప్పుకుని మొప్పలు లోపలికి పోతాయి, నోరు తెరుచుకుంటుంది, తినడం మొదలవుతుంది. చాలా జాతుల నోటిలో గీకడానికి నల్లటి ముక్కు, వరసలుగా సన్నటి పళ్లు ఉంటాయి. కలువ ఆకు వెనక భాగాన్ని ఇవి గీకిన గుర్తులు చూడవచ్చు.

రెండో మలుపు వెనక కాళ్లు. తోక మొదట్లో రెండు మొగ్గలుగా మొదలై, వారాల తరబడి నెమ్మదిగా పెరిగి, వేళ్లు విడతాయి. ముందు కాళ్లు కూడా ఈ కాలంలోనే తయారవుతుంటాయి కానీ చర్మం కింద దాగి ఉంటాయి. అవి బయటపడడం మూడో మలుపు, ఇది గంటల్లో జరిగిపోతుంది. చాలా జాతుల్లో మొప్పల నీరు బయటికి పోయే రంధ్రం ఎడమ పక్కన ఒక్కటే ఉంటుంది. ఎడమ చెయ్యి సాధారణంగా ఆ రంధ్రం గుండా వస్తుంది. కుడి చేతికి దారి ఉండదు కాబట్టి అది చర్మాన్ని చీల్చుకుని వస్తుంది. ఓపికగా చూసేవారికి ఒక చెయ్యి మాత్రమే బయట ఉన్న పిల్లలు దొరుకుతాయి. వాటికి జబ్బు చేసిందని కంగారు పడనక్కర్లేదు.

ఇక్కడి నుంచి తోక పూర్తిగా కరిగేదాకా, అంటే 42వ దశ నుంచి 46వ దశ దాకా, ఆ పిల్ల ఏమీ తినదు. నోరు పాచి గీకే నోరు నుంచి పురుగులను పట్టే నోరుగా మారుతుంటుంది, పొడుగాటి పేగు కుదించుకుపోతుంది, మొప్పలు పోయి ఊపిరితిత్తులు పని అందుకుంటాయి. తోకలోని కండ కరిగి ఒంటికి తిండి అవుతుంది. ఈ మార్పంతటికీ మూలం థైరాయిడ్ గ్రంథి స్రావం. గుడెర్నాచ్ అనే శాస్త్రవేత్త 1912లో థైరాయిడ్ కణజాలాన్ని తోకకప్పలకు తినిపించి, అవి ఎదగకముందే బుల్లి కప్పలుగా మారిపోవడం చూపించాడు.

పెరటి తొట్టిలో ఎక్కువ చావులు జరిగేది ఈ చివరి రోజుల్లోనే. గుడ్డు నుంచి అక్కడిదాకా నెట్టుకొచ్చిన పిల్లకు ఇప్పుడు మొప్పలు లేవు. నీటిలో నుంచి పైకి రాకపోతే మునిగి చచ్చిపోతుంది. నిలువు గోడల సిమెంటు ట్యాంకులో, ప్లాస్టిక్ టబ్బులో అది ఎక్కడానికి చోటు ఉండదు. రెండు చేతులూ బయటికొచ్చిన పిల్ల ఒక్కటి కనబడినా ఆ రోజే తొట్టిలో ఒక చెక్క పలక ఏటవాలుగా వేయాలి, లేదా నీటి మట్టం దాకా గరుకు రాళ్లు పేర్చాలి. కొబ్బరి పీచు తాడు అంచు నుంచి నీటిలోకి వేలాడదీసినా పనిచేస్తుంది. తిండి పెట్టడం కన్నా, నీళ్లు మార్చడం కన్నా ఈ చిన్న పని ఎక్కువ ప్రాణాలు నిలబెడుతుంది. గోదురుకప్ప పిల్లలు గట్టెక్కేటప్పుడు ఒక సెంటీమీటరు కూడా ఉండవు. వందలుగా ఒకేసారి బయటపడతాయి. ఆ రెండు మూడు రోజులు తొట్టి చుట్టూ గడ్డి కోయకుండా, నేల తడిగా ఉంచాలి.

నీరు, నీడ, తిండి

కొత్తగా గుంట తవ్వుకునేవారు లోతు 30 నుంచి 45 సెంటీమీటర్లు ఉంచి, కనీసం ఒక వైపు అంచును వాలుగా చేసుకుంటే చాలు. అందులో కలువ, తుంగ వేయాలి. మధ్యాహ్నం ఎండ నేరుగా పడని చోటు ఎంచుకోవాలి. వేసవిలో బండ మీద పెట్టిన చిన్న టబ్బులో నీళ్లు ఉడికిపోతాయి. నీటి వేడి 40 డిగ్రీలు దాటితే తోకకప్పలకు ప్రాణాపాయం. రాలిన ఆకులు కొన్ని అడుగున ఉండడం మంచిదే, పాచి పెరుగుతుంది, దాక్కోవడానికి చోటూ దొరుకుతుంది. అతిగా చేరితే కుళ్లి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది.

వాన నీళ్లను మించినవి లేవు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, వెడల్పాటి పాత్రలో ఒక రోజు ఎండలో ఉంచితే పోతుంది. బోరు నీళ్లనూ తోడిన వెంటనే పోయకుండా గాలి తగలనివ్వాలి. కొత్త సిమెంటు తొట్టి నుంచి సున్నం ఊరుతుంది. నీళ్లు నింపి పారబోస్తూ కొన్ని వారాలు నాననిచ్చాకనే వాడుకోవాలి. పాచి పోగొట్టడానికి మైలుతుత్తం, శుభ్రం కోసం బ్లీచింగ్ పౌడరు, ఫినాయిల్ వేస్తే తోకకప్పలు బతకవు. కప్పలు రాకుండా ఉప్పు చల్లడం కూడా చర్మాన్ని కాల్చి చంపడమే.

మొక్కలూ పాచీ ఉన్న గుంటలోని తోకకప్పలకు మనం తిండి వేయనవసరం లేదు. బియ్యం, అన్నం, బ్రెడ్డు వేస్తే నీళ్లు పాడవుతాయి. అయితే కొన్నిసార్లు జోక్యం తప్పదు. రోడ్డు పక్క గుంట ఎండిపోతూ అడుగున బురదలో పిల్లలు కొట్టుకుంటుంటే వాటిని అదే పెరట్లోని, అదే వీధిలోని తొట్టికి మార్చడం న్యాయమే. అప్పుడు వాటి పాత నీళ్లతోనే తేవాలి, కొత్త నీళ్లు కొంచెం కొంచెంగా కలపాలి. లీటరు నీటికి నాలుగైదు పిల్లలను మించకూడదు. ఇరుకైతే ఎదుగుదల మందగిస్తుంది. పాలకూర ఆకును బాగా ఉడికించి, చల్లార్చి, చిటికెడు చొప్పున వేసి, మిగిలినది మర్నాడు తీసేయాలి. రెండు మూడు రోజులకోసారి మూడో వంతు నీళ్లు మార్చాలి. మొత్తం ఒకేసారి మార్చకూడదు. నీటికి వాసన వచ్చినా, పిల్లలన్నీ పైకి వచ్చి గుటకలు వేస్తున్నా నీళ్లు చెడ్డాయని గుర్తు. తోక కరిగిన బుల్లి కప్పను డబ్బాలో ఉంచి పెంచాలనుకోవడం మాత్రం వృథా ప్రయాస. దానికి చీమలంత సైజులో బతికున్న పురుగులు రోజూ కావాలి. తడి గడ్డిలో వదిలేస్తే తన తిండి తానే చూసుకుంటుంది.

దోమలు, చేపలు, నూనె ఉండలు

నిలిచిన నీరంటే డెంగీ భయం ఉండడం సహజం, ఆ భయం న్యాయమైనదే. దానికి జవాబు కప్పల గుంటను పూడ్చడం కాదు. డెంగీని మోసే ఈడిస్ దోమ ఎక్కువగా గుడ్లు పెట్టేది కూలర్లలో, టైర్లలో, పూలకుండీ పళ్లెంలో, మూత లేని డ్రమ్ములో. అంటే వేటాడే ప్రాణి ఏదీ లేని నీళ్లలో. మొక్కలతో కళకళలాడే గుంటలో తూనీగ పిల్లలు, నీటి పురుగులు దోమ పిల్లలను తింటాయి. శ్రీలంకలోని పేరాదెనియ విశ్వవిద్యాలయ పరిశోధకులు పలు జాతుల తోకకప్పలు ఈడిస్ ఈజిప్టై దోమ గుడ్లను తినేస్తాయని నిరూపించారు. తూనీగ పిల్లలు తోకకప్పలను కూడా తింటాయన్నది నిజం. అయినా వాటిని తీసివేయాల్సిన పని లేదు. వేల గుడ్లలో గట్టెక్కేవి ఎప్పుడూ కొన్నే.

పురపాలక సిబ్బంది పంచే గంబూసియా చేపల విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. అమెరికా ఖండపు ఈ చేపను దోమల నివారణ కోసం 1928లో భారతదేశానికి తెచ్చారు. అది దోమ పిల్లలతో పాటు కప్ప గుడ్లనూ తోకకప్పలనూ తింటుంది, తోకలు కొరికేస్తుంది. రంగు చేపలు, కొరమీను పిల్లలు ఉన్న తొట్టిలోనూ అదే జరుగుతుంది. ఒక్క గోదురుకప్ప పిల్లల రుచి చేదు కావడం వల్ల చేపలు వాటి జోలికి అంతగా పోవు. మీ తొట్టిలో కప్పలు కావాలో చేపలు కావాలో ముందే తేల్చుకోండి. రెండింటికీ రెండు తొట్లు పెట్టుకోవడం ఉత్తమం.

కాలువల్లో వేసే నూనె ఉండలు, టెమిఫాస్ మందు పెరటి గుంటలో వేయనివ్వకూడదు. నీటి మీద పరచుకునే నూనె దోమ పిల్లకు ఊపిరి ఆడకుండా చేస్తుంది, పైకి వచ్చి గాలి పీల్చే తోకకప్పకూ అదే గతి. తప్పనిసరైతే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు వీటన్నిటికన్నా నయం, అది ప్రధానంగా దోమ జాతి పిల్లల మీదే పనిచేస్తుంది.

పాములు, విషం, నమ్మకాలు

కప్పలుంటే పాములొస్తాయన్న మాటలో నిజముంది. నీటిపాము, జెర్రిపోతు కప్పల కోసం వస్తాయి, రెండింటికీ విషం లేదు. నాగుపాము కూడా కప్పలను తింటుంది. అందుకే గుంటను గుమ్మానికీ పిల్లలు ఆడుకునే చోటికీ దూరంగా పెట్టుకోవాలి. చుట్టుపక్కల ఇటుకల కుప్పలు, కట్టెల మోపులు ఉంచకూడదు. రాత్రి టార్చి, కాళ్లకు బూట్లు లేకుండా వెళ్లకూడదు. పసిపిల్లలున్న ఇంట్లో ఒక అడుగు నీళ్లు కూడా ప్రమాదమే, గుంటకు కంచె కట్టాలి.

గోదురుకప్పను ముట్టుకుంటే పులిపిర్లు రావు. అవి వైరస్ వల్ల వచ్చేవి. కంటి వెనక గ్రంథుల నుంచి వచ్చే పాలవంటి స్రావం మాత్రం విషమే. కుక్క దాన్ని కొరికితే నోటి వెంట చొంగ కారుతుంది. కప్పను ముట్టుకున్న చేత్తో కన్ను రుద్దుకోకూడదు, సబ్బుతో కడుక్కోవాలి. పట్టుకునే ముందు చెయ్యి తడుపుకోవాలి. సబ్బు, దోమల క్రీము, చెమట ఉప్పు అంటిన పొడి చెయ్యి దాని చర్మానికి హాని చేస్తుంది.

ఋగ్వేదం ఏడో మండలంలోని 103వ సూక్తం వాన రాకతో గొంతు విప్పే కప్పల గురించే. మన పల్లెల్లో వానలు పడకపోతే రోకలికి కప్పను కట్టి, వేపాకులు చుట్టి, ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆచారం ఉంది. కప్పకూ వానకూ ముడి ఎంత పాతదో ఇవి చెబుతాయి. ఆ ఆచారం పాటించే ఊళ్లలో కప్పను బిగించి కట్టి ఎండలో తిప్పకుండా, పని కాగానే నీటి పక్కన వదిలేస్తే దానికి ప్రాణహాని ఉండదు. పిండితోనో మట్టితోనో చేసిన కప్ప అయితే ఇంకా మంచిది.

ఒక చోటి నుంచి మరో చోటికి తరలించడం

పక్క ఊరి చెరువు నుంచి తోకకప్పలు తెచ్చి పెరట్లో వదలడం, పెరట్లో పుట్టినవాటిని సెలవుల్లో వేరే జిల్లాలో వదిలి రావడం మంచి ఉద్దేశంతో జరిగే చెడు పనులు. 1998లో బయటపడిన కైట్రిడ్ అనే శిలీంధ్రం కప్పల చర్మాన్ని పట్టి చంపుతుంది. దాని వల్ల ప్రపంచవ్యాప్తంగా కనీసం 501 ఉభయచర జాతుల సంఖ్య పడిపోయిందని, వాటిలో 90 జాతులు అంతరించి ఉంటాయని 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. భారతదేశపు కప్పల్లోనూ ఈ శిలీంధ్రం ఉంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించే పరీక్షను రూపొందించారు. ఒక బకెట్ నీళ్లతో అది ఊరు దాటగలదు.

జబ్బు లేకపోయినా చేటు తప్పదు. మన బోదురుకప్ప అండమాన్ దీవులకు చేరి, దాని పిల్లలు అక్కడి స్థానిక జాతుల తోకకప్పలను తింటున్నట్టు పరిశోధనల్లో తేలింది. అది అక్కడికి చేపపిల్లల సరకుతో కలిసి వెళ్లి ఉంటుందని అంచనా. మన వీధి దీపాల కింది గోదురుకప్పే 2014లో మడగాస్కర్‌లోని తోమసినా రేవు దగ్గర బయటపడింది. విషమున్న కప్పలు ఎప్పుడూ ఎరగని అక్కడి పాములకూ జంతువులకూ అది ప్రమాదంగా మారింది.

ఇంతకు ముందు బోదురుకప్పలను మనం టన్నులకొద్దీ బయటి దేశాలకు పంపాం. కప్పకాళ్ల ఎగుమతి కోసం పొలాల్లో రాత్రుళ్లు బోదురుకప్పలను పట్టేవారు. 1985లో ఈ జాతిని అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందపు రెండో అనుబంధంలో చేర్చారు. 1987లో భారత ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. వేట ఆగినా ఊళ్ల చుట్టూ కుంటలు పూడ్చి ప్లాట్లు వేయడం, పొలాల్లో పురుగుమందులు, పెరళ్లకు సిమెంటు పరచడం ఆగలేదు. పట్నం శివారు కాలనీలో చాలా కప్పలకు ఇప్పుడు మిగిలిన నీళ్లు ఇళ్ల పెరళ్లలోవే.

ఈ వానాకాలం తొట్టి కడగడానికి చీపురు పట్టేముందు నీటి అంచునూ లోపలి గోడనూ ఒకసారి పరిశీలించండి. జిగురు తీగలో, నురుగు ముద్దో, నల్లటి పిల్లలో కనబడితే కడగడం రెండు నెలలు వాయిదా వేసి, తొట్టిలో ఒక పలక ఏటవాలుగా వేసి ఉంచండి.